రిపోర్టులో ఏమీ లేదు, కడుపులో నొప్పి ఉంది

సూళ్లూరుపేటలో కడుపు జబ్బు పట్టి వదలని మనిషికి దారులు నాలుగు. రైలెక్కితే 80 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో చెన్నై. ఉత్తరాన నెల్లూరు. పడమర తిరుపతి, అక్కడ స్విమ్స్, రుయా ఆసుపత్రులు. అక్కడా తేలకపోతే వేలూరు సీఎంసీ. ఏళ్ల తరబడి బాధపడేవాళ్లలో ఈ నాలుగూ చుట్టివచ్చినవాళ్లు కనిపిస్తారు. చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. అందులో స్కానింగు ఫిల్ములు, ఎండోస్కోపీ రంగు ఫొటోలు, రెండు రాష్ట్రాల మందుల చీటీలు. అన్నీ ఉంటాయి గానీ, ఆ మనిషి మనసులో ఉన్న ప్రశ్నలకు జవాబులు మాత్రం ఉండవు. పెద్దాసుపత్రిలో దొరికిన ఆ కాస్త సమయంలో నోరు పెగలదు. విరేచనం గురించి పరాయివాళ్ల ముందు మాట్లాడాలంటే సిగ్గు. అడగకుండానే ఇంటికి వచ్చేస్తారు. అలా అడగకుండా మిగిలిపోయిన ప్రశ్నల కోసమే ఈ అధ్యాయం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. జబ్బు పేరు తేలకుండా మందు మింగుతూ పోవడం, పేరు తేలాక మందు మధ్యలో మానేయడం, ఈ రెండే మన దగ్గర కడుపు జబ్బుల్ని ముదరబెడుతున్నాయి. కింద వచ్చే ప్రశ్నలన్నీ తిరిగి తిరిగి ఈ రెండు చోట్లకే చేరతాయి.

“అన్నీ నార్మలే అంటుండారు సార్, మరి ఈ నొప్పి యాడి నుంచి వస్తా ఉండాది?”

అన్నిటికన్నా ఎక్కువగా వినబడే ప్రశ్న ఇదే. దీనికి “ఏం లేదు, టెన్షన్ పడకు” అని చెప్పి పంపడం నాకు ఎప్పుడూ సబబుగా తోచలేదు. ఎండోస్కోపీ చూసేది పేగు లోపలి పొరని. పుండు ఉందా, వాపు ఉందా, గడ్డ ఉందా అని మాత్రమే అది చెప్పగలదు. పేగు ఎలా కదులుతోంది, దాని నరాలు ఎంత సున్నితంగా ఉన్నాయి అన్నది ఆ ఫొటోలో పడదు. మన పేగు గోడల్లో కోట్ల నరకణాలు ఉన్నాయి. శరీరంలోని సెరటోనిన్‌లో నూటికి తొంభై వంతులు తయారయ్యేది మెదడులో కాదు, పేగులోనే. పేగు కదలికను, నొప్పి కబురును నడిపే పదార్థాల్లో అదొకటి.

1973లో రిచీ అనే ఇంగ్లండు వైద్యుడు చేసిన ప్రయోగం ఈ ప్రశ్నకు నేరుగా జవాబిచ్చింది. పెద్దపేగు చివర చిన్న బెలూను పెట్టి కొద్దికొద్దిగా గాలి నింపారు. ఇలాంటి రోగుల్లో సగానికి పైగా మంది, మామూలు మనుషులకు నొప్పే తెలియనంత తక్కువ గాలికే నొప్పి అన్నారు. పేగు అదే, గాలి అదే, కానీ మైకుసెట్టు వాల్యూమ్ పెంచి పెట్టినట్టు నరాలు చిన్న కదలికను కూడా పెద్దదిగా చేసి మెదడుకు పంపుతున్నాయి. నొప్పి నిజం. కల్పన కాదు. దీని పేరు ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, పొట్టిగా ఐబీఎస్.

ఇది చాలామందికి ఒక వాంతులు-విరేచనాల జబ్బు తగ్గాక మొదలవుతుంది. కెనడాలోని వాకర్టన్ అనే చిన్న ఊళ్లో 2000 మే నెలలో తాగునీళ్లు కలుషితమై వేలమంది జబ్బుపడ్డారు. ఆ ఊరివాళ్లను ఎనిమిదేళ్లపాటు గమనించారు. క్రిములు పోయి ఏళ్లు గడిచినా, అప్పుడు జబ్బుపడినవాళ్లలో ఐబీఎస్ మిగతావాళ్లకన్నా ఎక్కువగా ఉండిపోయింది. వానలు, వరదలు వచ్చిన ప్రతిసారీ మంచినీళ్లలో మురుగు కలిసే మన ఊళ్లకు ఇది దూరపు కథ కాదు.

ఐబీఎస్ అని తేల్చడానికి పరీక్షల కన్నా మీరు చెప్పే మాటలే ముఖ్యం. 2016లో ఖరారైన రోమ్ ప్రమాణాల ప్రకారం, బాధ మొదలై కనీసం ఆరు నెలలై ఉండాలి. గత మూడు నెలల్లో సగటున వారానికి ఒకరోజైనా కడుపునొప్పి రావాలి. ఆ నొప్పికి విరేచనంతో సంబంధం ఉండాలి, లేదా విరేచనం ఎన్నిసార్లు అవుతుందో అది మారాలి, లేదా ఎలా అవుతుందో అది మారాలి. ఈ చివరి మూడింటిలో రెండు ఉంటే చాలు. విరేచనం ఎలా ఉందో నోటితో చెప్పడానికి సిగ్గుపడేవాళ్లకు బ్రిస్టల్ నగరపు వైద్యులు చేసిన బొమ్మల చార్టు ఒకటి ఉంది. గట్టి ఉండల నుంచి నీళ్ల దాకా ఏడు రకాలు అందులో ఉంటాయి. ఫోన్లో తెరిచి, “నాది ఆరో బొమ్మ” అని వేలు పెట్టి చూపిస్తే చాలు. డాక్టరుకు అది అరగంట మాటలతో సమానం.

ఇక్కడ రాకెట్ కేంద్రం షార్‌లోనూ, శ్రీసిటీ ఫ్యాక్టరీల్లోనూ షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు ఉన్నారు. తెల్లారకముందే చెన్నై లోకల్ పట్టుకునేవాళ్లూ ఉన్నారు. లోకల్ రైళ్లలో చాలావాటికి మరుగుదొడ్డి ఉండదు. దారిలో కడుపు తిప్పితే ఏం చేయాలన్న భయంతో పొద్దున ఏమీ తినకుండా, నీళ్లు కూడా తాగకుండా ఎక్కేవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, నాకు తెలుసు. భయం పెరిగేకొద్దీ పేగు కదలిక పెరుగుతుంది. కదలిక పెరిగేకొద్దీ భయం. ఈ చక్రం తెగాలంటే రైలెక్కే వేళకు గంటన్నర ముందే లేచి, ఏదో ఒకటి తిని, తీరిగ్గా మరుగుదొడ్డికి వెళ్లే సమయం ఉంచుకోవాలి. తిన్న కాసేపటికి పెద్దపేగు కదలడం శరీర ధర్మం. ఆ ధర్మాన్ని రైల్లో కాకుండా ఇంట్లోనే జరగనివ్వాలి.

ఐబీఎస్‌కు ఇసబ్‌గోల్ పొట్టు, పేగు బిగుతు తగ్గించే మాత్రలు, కొందరికి చాలా తక్కువ మోతాదులో అమిట్రిప్టిలిన్ ఇస్తారు. ఈ చివరిదానితో ఒక చిక్కు ఉంది. మందుల షాపులో ఎవరో “ఇది డిప్రెషన్ బిళ్ల కదా” అంటారు, ఆ రాత్రికే రోగి మానేస్తాడు. మానసిక వైద్యంలో వాడే మోతాదులో చిన్న భాగం ఇది. పేగు నుంచి మెదడుకు పోయే నొప్పి కబురును తగ్గించడానికే ఇస్తారు. ఫలితం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. ఐబీఎస్ క్యాన్సరుగా మారదు. ఈ మాట రోగికి తొలిరోజే, నిదానంగా, రెండుసార్లు చెప్పాలి.

అయితే ఏ బాధనైనా ఐబీఎస్ అనేసుకోకూడదు. విరేచనంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రి నిద్రలోంచి లేపే విరేచనాలు, రక్తహీనత, విడవని జ్వరం, మింగడం కష్టం కావడం, యాభై దగ్గరపడ్డాక కొత్తగా మొదలైన బాధ, ఇంట్లో పేగు క్యాన్సరు ఉండటం: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా పరీక్షలు వాయిదా వేయొద్దు. రక్తం కనబడితే “మొలలేలే” అని సర్దుకుని ఏడాది గడిపినవాళ్ల సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

“గ్యాస్ మాత్ర రోజూ వేసుకుంటున్నా, పర్లేదా?”

ఆ మాత్ర ఏది అన్నదాన్ని బట్టి ఉంటుంది. పొద్దున పరగడుపున వేసుకునే పాంటాప్రజోల్, ఒమెప్రజోల్, రాబెప్రజోల్ గ్యాసును తగ్గించవు, ఆమ్లాన్ని తగ్గిస్తాయి. ఈ జాతిలో మొదటిది ఒమెప్రజోల్. 1988లో మార్కెట్టుకు వచ్చింది. అంతవరకు కడుపు కోసి ఆపరేషను చేసిన ఎన్నో పుళ్లు దానితో మాత్రకే మానాయి. జీర్ణాశయంలో ఆమ్లాన్ని బయటికి తోసే పంపులు అన్నం తిన్నప్పుడు చురుకవుతాయి. పనిచేస్తున్న పంపునే ఈ మందు పట్టుకోగలదు. అందుకే తినడానికి అరగంట ముందు వేసుకోవాలి. తిన్నాక గంటకు గుర్తొచ్చి వేసుకుంటే సగం వృథా.

నెలల తరబడి వాడి ఒక్కసారిగా ఆపితే, అణిగి ఉన్న ఆమ్లం కొన్ని వారాలపాటు మామూలుకన్నా ఎక్కువగా ఊరుతుంది. ఆ మంటను చూసి జబ్బు తిరగబెట్టిందనుకుని మళ్లీ మొదలుపెడతారు. చాలామంది ఏళ్ల తరబడి ఆ మాత్రను వదల్లేకపోవడానికి ఒక కారణం ఇదే. డాక్టరును అడిగి మోతాదు మెల్లగా తగ్గించుకుంటూ ఆపాలి. గుండె కోసం ఆస్పిరిన్ వాడుతూ కడుపులో రక్తస్రావం ముప్పు ఉన్నవాళ్లు, అన్నవాహిక బాగా దెబ్బతిన్నవాళ్లు మాత్రం దీర్ఘకాలం వాడాల్సిందే. వాళ్లు భయపడి మానడమే ప్రమాదం. ఏళ్లపాటు వాడేవాళ్లు బీ12, మెగ్నీషియం అప్పుడప్పుడు చూపించుకుంటే సరి.

నన్ను ఎక్కువ కలవరపెట్టేవి కలిపి చేసిన క్యాప్సూళ్లు. పేరు చివర ‘డి’ ఉన్నవాటిలో చాలావరకు డోంపెరిడోన్ ఉంటుంది. వాంతికి కొద్దిరోజులు వాడాల్సిన మందు అది. ఎక్కువ మోతాదులో, పెద్ద వయసువాళ్లలో గుండె లయ తప్పించే ముప్పు ఉంది. లెవోసల్పిరైడ్ కలిసినవి నెలల తరబడి వాడిన ముసలివాళ్లలో చేతులు వణకడం, నడక మందగించడం చూస్తాం. అప్పుడు నరాల డాక్టరు దగ్గరికి పరుగెత్తుతారు గానీ, కడుపు కోసం వేసుకుంటున్న క్యాప్సూలు గురించి ఎవరూ చెప్పరు. మందుల చీటీ మొత్తం తీసుకెళ్లండి. మోకాళ్ల నొప్పులకు షాపులో అడిగి తెచ్చుకున్న డైక్లోఫెనాక్ బిళ్లల గురించి కూడా చెప్పండి. జీర్ణాశయంలో పుండు పడటానికి ఉన్న రెండు పెద్ద కారణాల్లో నొప్పి బిళ్లలు ఒకటి.

రెండోది ఒక క్రిమి. మిరపకాయో, చింతపండో, ఆఫీసు చికాకో కాదు. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ 1982లో జీర్ణాశయపు ఆమ్లంలో బతికే హెలికోబాక్టర్ పైలోరీని పెంచి చూపించారు. ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ తానే ఆ క్రిమి కలిపిన ద్రవం తాగి జబ్బుపడ్డాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. మన దేశంలో పెద్దవాళ్లలో సగానికి పైగా మందిలో ఈ క్రిమి ఉంటుంది. ఎక్కువమందికి ఏ బాధా ఉండదు. పుండు ఉన్నవాళ్లకు మాత్రం దాన్ని వదిలించకపోతే పుండు తిరగబెడుతుంది. సాధారణంగా పద్నాలుగు రోజుల కోర్సు ఇస్తారు. నోరు చేదని వారానికే మానేస్తే క్రిమి మొండికేస్తుంది. కోర్సు ముగిసిన నాలుగు వారాల తర్వాత శ్వాస పరీక్షో, మల పరీక్షో చేయించి క్రిమి పోయిందని రూఢి చేసుకోవాలి. ఆ పరీక్షకు రెండు వారాల ముందు ఆమ్లం తగ్గించే మాత్ర ఆపకపోతే క్రిమి ఉన్నా లేనట్టు చూపిస్తుంది.

తిండి గురించి అడగని రోగి ఉండడు. “అన్నం మానెయ్యాలా?” అక్కర్లేదు. పిండిపదార్థాల్లో బియ్యం దాదాపు పూర్తిగా చిన్నపేగులోనే జీర్ణమైపోతుంది. పెద్దపేగు క్రిములకు మిగిలేది తక్కువ, కాబట్టి గ్యాసూ తక్కువే. ఉబ్బరం తెచ్చేవి పప్పుల్లోని కొన్ని చక్కెరలు, ఉల్లి, వెల్లుల్లి, కొందరికి గోధుమ. మెల్‌బోర్న్‌లోని మొనాష్ విశ్వవిద్యాలయం వాళ్లు ఇలాంటి పదార్థాలను కొన్ని వారాలు తగ్గించి, తర్వాత ఒక్కొక్కటే తిరిగి చేర్చి చూసే పద్ధతి తయారు చేశారు. ఆ తిరిగి చేర్చే మాట మనవాళ్లు మర్చిపోతారు. ఏడాది పొడుగునా చారన్నంతో గడిపి నీరసించిపోతారు.

పాలు తాగితే కడుపు తిప్పుతుందనేవాళ్లు నిజమే చెబుతున్నారు. పాల చక్కెరను అరిగించే ఎంజైము దక్షిణాదివాళ్లలో మూడింట రెండు వంతుల మందికి పెద్దయ్యాక తగ్గిపోతుందని మన దేశంలో చేసిన పరీక్షల్లో తేలింది. పెరుగు తోడుకునేటప్పుడు క్రిములు ఆ చక్కెరలో కొంత తినేస్తాయి, కడుపులోనూ అరుగుదలకు సాయపడతాయి. అందుకే పాలు పడనివాళ్లకు మజ్జిగ పడుతుంది. గోధుమ వల్ల పేగు దెబ్బతినే సీలియాక్ జబ్బు ఉత్తరాదిలో సుమారు నూటికి ఒకరికి ఉంటే, దక్షిణాదిలో వెయ్యికి ఒకరి దాకా మాత్రమే కనబడింది. రక్తపరీక్ష చేయించకుండా చపాతీ మానకండి. ముందే మానేస్తే పరీక్షలో కూడా ఏమీ తేలదు.

“ఎంత తిన్నా ఒంటికి పట్టడం లేదు” అనే మాట వినగానే మాత్రం నేను మిగతావన్నీ పక్కన పెట్టి వింటాను.

మన పెద్దలు దీన్ని సంగ్రహణి అన్నారు. చిన్నపేగు పొర అరిగిపోయి పోషకాలు పీల్చుకోలేని స్థితి. నెలల తరబడి విరేచనాలు, నోటిపూత, రక్తహీనత, ఎముకలు తేలిన ఒళ్లు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కుటుంబాన్ని ఈ జబ్బు కోలుకోలేని దెబ్బ తీసింది. ఆయన సోదరులు ఇద్దరు కొద్దిరోజుల తేడాతో దీనికే బలయ్యారు. ఆయనకూ అదే వచ్చింది. ఆచంట లక్ష్మీపతి చేసిన ఆయుర్వేద వైద్యంతో బతికారు. తర్వాత అమెరికా వెళ్లి లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనకు నాయకత్వం వహించారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారు చేయగలిగింది. సంగ్రహణి రోగుల రక్తహీనత దానితో తగ్గింది. అదే సంస్థలో బెంజమిన్ డగ్గర్ కనిపెట్టిన ఆరియోమైసిన్ 1948లో వెలువడింది. టెట్రాసైక్లిన్ మందుల జాతికి అది మొదటిది. అదే ఏడు ఆగస్టులో సుబ్బారావు చనిపోయారు. ఈరోజు సంగ్రహణికి ఇచ్చే వైద్యం ఏమిటి? ఫోలిక్ ఆమ్లం, బీ12, టెట్రాసైక్లిన్ జాతి మందు, కొన్ని నెలలపాటు. సోదరుల్ని పోగొట్టుకున్న మనిషి ప్రయోగశాల నుంచే ఆ జబ్బుకు విరుగుడు రావడం తెలుగువాళ్లందరూ తెలుసుకోవాల్సిన సంగతి.

ఆయన పోయాక కూడా ఈ జబ్బు మన పక్కనే పెచ్చరిల్లింది. 1960 దశకం మొదట్లో వేలూరు చుట్టుపక్కల ఉత్తర ఆర్కాటు పల్లెల్లో ఇది అంటువ్యాధిలా వ్యాపించి ఎందరినో పొట్టనబెట్టుకుంది. సీఎంసీ వైద్యులు సెల్విన్ బేకర్, వి.ఐ. మథాన్ ఊళ్లకు వెళ్లి రోగుల్ని పరిశీలించారు. ఆ నేల మనకు పరాయిది కాదు, 1911లో చిత్తూరు జిల్లాను ఏర్పరచినప్పుడు అందులో చాలా భాగం ఆ ఉత్తర ఆర్కాటు నుంచే వచ్చింది. ఇప్పుడు సంగ్రహణి బాగా తగ్గింది. తగ్గింది కాబట్టే డాక్టర్లు కూడా మర్చిపోతున్నారు.

ఒంటికి పట్టకపోవడానికి ఇంకో కారణం క్లోమం చెడటం. విరేచనం జిడ్డుగా, నీళ్లమీద తేలుతూ, ఎన్ని చెంబులు పోసినా పోకుండా ఉంటుంది. దానికి తోడు వీపులోకి పాకే నొప్పి, చిన్నవయసులోనే షుగరు. తాగుడు అలవాటు లేని కుర్రవాళ్లలో కూడా ఇది వస్తుంది. “తాగుతావా?” అని పదిమంది ముందు అడిగి వాళ్ల పరువు తీయకండి. హైదరాబాదులో సీసీఎంబీకి చెందిన గిరిరాజ్ చందక్, జీర్ణకోశ వైద్యుడు డి. నాగేశ్వరరెడ్డి తదితరులు 2002లో ప్రచురించిన పరిశోధనలో, ఇలాంటి రోగులు చాలామందిలో స్పింక్1 అనే జన్యువులో మార్పు కనబడింది. క్లోమాన్ని తన ఎంజైములు తానే తినేయకుండా కాపాడే జన్యువు అది. ఎంజైము క్యాప్సూలును అన్నానికి ముందో వెనకో కాదు, తింటూ ఉండగా వేసుకోవాలి. కొవ్వు అరగాల్సింది అప్పుడే కదా.

“ఒక డాక్టరు టీబీ అన్నారు, ఇంకొకరు క్రోన్ అన్నారు. ఎవరిని నమ్మాలి?”

ఇద్దరూ తెలిసినవాళ్లే అయి ఉండొచ్చు. న్యూయార్కులో బరిల్ క్రోన్, గింజ్‌బర్గ్, ఓపెన్‌హైమర్ 1932లో వివరించిన క్రోన్ జబ్బు, పేగు టీబీ, రెండూ చిన్నపేగు చివరి భాగాన్నే ఎక్కువగా పట్టుకుంటాయి. రెండింటికీ జ్వరం, నొప్పి, బరువు తగ్గడం, పేగు ఇరుకు కావడం ఉంటాయి. ముక్క తీసి పరీక్షించినా చాలాసార్లు తేలదు. పొరబడితే నష్టం పెద్దది. టీబీ ఉన్న మనిషికి క్రోన్ అనుకుని రోగనిరోధక శక్తిని అణిచే స్టెరాయిడ్లు ఇస్తే టీబీ ఒళ్లంతా పాకే ప్రమాదం ఉంది. అందుకే మన దేశంలో సందేహం మిగిలినప్పుడు ముందు టీబీ మందులు మొదలుపెట్టి, రెండు మూడు నెలలకు మళ్లీ కొలనోస్కోపీ చేసి పుళ్లు మానాయా అని చూస్తారు. మానితే టీబీ, ఆరు నెలల కోర్సు పూర్తి చేయాలి. మానకపోతే క్రోన్ వైపు చూడాలి. ఆ రెండో కొలనోస్కోపీకే జనం వెళ్లరు. ఒంట్లో కాస్త బాగుంటే ఖర్చు దండగనుకుంటారు. అసలు తీర్పు అందులోనే ఉంది.

పెద్దపేగులో పూత పడి రక్తం, చీము పోయే అల్సరేటివ్ కొలైటిస్ వాళ్లు అడిగేది ఒకటే: “రక్తం ఆగింది, ఇంక మందు ఆపొచ్చా?” ఆపకూడదు. రక్తం ఆగడం వేరు, పొర మానడం వేరు. మెసాలమైన్ మాత్ర బాగున్న రోజుల్లో వేసుకుంటేనే ఎక్కువ ఉపయోగం, జబ్బు తిరగబెట్టకుండా అదే ఆపుతుంది. పెద్దపేగులో ఎక్కువ భాగం దెబ్బతిన్నవాళ్లు జబ్బు మొదలైన ఎనిమిదేళ్ల నుంచి క్యాన్సరు కోసం కొలనోస్కోపీ చేయించుకుంటూ ఉండాలి. షుగరుకూ, బీపీకీ జీవితాంతం మాత్ర వేసుకోవడానికి మన ఊరు ఒప్పుకుంది. పేగుకు మాత్రం ఇంకా ఒప్పుకోలేదు.

చివరి ప్రశ్న క్రోన్, కొలైటిస్ ఉన్న ఆడపిల్లల తల్లులు అడుగుతారు. కూతుర్ని బయట కూర్చోబెట్టి, తలుపు దగ్గరగా వేసి. “దీనికి పెళ్లి చెయ్యొచ్చా? పిల్లలు పుడతారా? వాళ్లకు చెప్పాలా?”

చెయ్యొచ్చు. జబ్బు అదుపులో ఉన్న అమ్మాయికి గర్భం నిలిచే అవకాశం మిగతా ఆడపిల్లలతో దాదాపు సమానం. తల్లిదండ్రుల్లో ఒకరికి ఈ జబ్బు ఉన్నా, పిల్లల్లో నూటికి తొంభై మందికి పైగా రాదు. దాచి చేసిన పెళ్లిలో మాత్రం అమ్మాయి అత్తింట్లో మందు దాచుకుని వేసుకోవాలి, కొన్నాళ్లకు వేసుకోవడమే మానేస్తుంది, ఆరు నెలలకు రక్తంతో పుట్టింటికి వస్తుంది. చెప్పి చేయండి. మగపిల్లాడికి జబ్బు ఉంటే ఇంకొకటి తెలియాలి. కొలైటిస్‌కు ఇచ్చే సల్ఫాసలజైన్ వాడేటప్పుడు వీర్యకణాలు తగ్గుతాయి, మందు మారిస్తే రెండు మూడు నెలల్లో మామూలవుతాయి. ఈ మందు ఫోలిక్ ఆమ్లాన్ని పేగు పీల్చుకోకుండా అడ్డుపడుతుంది. గర్భం కోరుకునే అమ్మాయి ఇది వాడుతుంటే ఫోలిక్ ఆమ్లం ఎక్కువ మోతాదులో తోడుగా వేసుకోవాలి. క్రోన్ కోసం ఇచ్చే మెథోట్రెక్సేట్ పుట్టింది కూడా సుబ్బారావు లెడర్లీ బృందంలోనే. ఫోలిక్ ఆమ్లం పనిని అడ్డుకునే మందు కాబట్టి కడుపులోని బిడ్డకు హాని చేస్తుంది. పిల్లల్ని కనాలనుకుంటే కనీసం మూడు నెలల ముందే డాక్టరుతో మాట్లాడి దాన్ని మార్చుకోవాలి. మిగతా మందుల్ని డాక్టరును అడగకుండా, భయపడి ఆపకూడదు. జబ్బు రేగి ఉన్నప్పుడు గర్భం వస్తేనే నెలలు నిండకుండా కాన్పు అయ్యే ముప్పు ఎక్కువ. మూడు నుంచి ఆరు నెలలు నిలకడగా ఉన్నాక గర్భం కోసం ప్రయత్నించడం మంచిది. మెసాలమైన్ వేసుకుంటూనే తొమ్మిది నెలలు మోయవచ్చు, వేసుకుంటూనే బిడ్డకు పాలివ్వవచ్చు.